నా పేరుతో, నావి కానివి

ముద్ఖేడ్‌లో బండి ఎక్కినప్పటి నుంచి ఆ ఉత్తరం నా ఫోన్లో తెరిచే ఉంది, మూస్తే మెత్తబడతానేమోనని మూయడం లేదు, రాసింది నేను కాదు, మా చిన్న కంపెనీకి యజమాని అయిన వెంకట్రావ్ సార్ నిన్న సాయంత్రం రాయించి పంపాడు, ఇంగ్లీషులో నాలుగంటే నాలుగు వాక్యాలు, ఎంత చక్కగా కుదిర్చాడో, పూనమ్ శివరాం అనే నేను జనవరి ఇరవై ఒకటిన సరిచూసుకోకుండా మార్పు చేసి పంపినందువల్ల రైతులకు జరిగిన నష్టానికి బాధ్యత పూర్తిగా నాదే, కింద నా పేరు, పేరు పైన ఖాళీ, ఆ ఖాళీలో వేలితో ఒక గీత గీస్తే సంతకం అయిపోతుందట. పదకొండుకు మాకు పని ఇచ్చే పుణెవాళ్లతో వీడియో కాల్, ఆలోపే గీయాలి, ఇప్పుడు పది కావడానికి పది నిమిషాలు. ఎదురుగా మెంతికూర మూటతో కూర్చున్నామె నా ముఖం చూసి కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది, ఏడుస్తున్నాననుకుంది కాబోలు, ఏడుపు కాదు తల్లీ, కోపం, కోపం వస్తే నాకు ముందు కళ్లే ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. నేను చేసిన తప్పయితే నా చేత్తో నేనే రాసిచ్చేదాన్ని, ఇంగ్లీషులో కాకపోతే మరాఠీలో, అదీ కాకపోతే మా తెలుగులో. చేయని దానికి గీయమంటే నా వేలు కదలడం లేదు.

పొద్దున రొట్టెలు చేస్తూ అమ్మ అడిగింది, పేరు నీదే ఉన్నప్పుడు నీది కాదని ఎట్లా అంటావని, మా అమ్మ ఇందుబాయి ఏడో తరగతి వరకు మరాఠీ బడిలో చదివింది, తెలివి మాత్రం చాలామంది ఇంజనీర్లకంటే ఎక్కువ, ఆమెకు చెప్పినట్టే నాకు నేను మళ్లీ చెప్పుకుంటున్నాను, కాల్‌లో తడబడకుండా. మేము రాసే ప్రోగ్రాం అంతా పుణెలో వాళ్ల మెషీన్‌లో ఉంటుంది, అందులో ఒక మార్పు చేసి ఇంతవరకు అయిందని ముడి వేస్తే దాన్ని కమిట్ అంటారు, ఆ ముడి మీద రాసినవాళ్ల పేరు పడుతుంది, ఆ పేరు ఎక్కడి నుంచి వస్తుంది, నువ్వు కూర్చున్న మెషీన్‌లో ఎవరి పేరు పెట్టి ఉంటే ఆ పేరే వస్తుంది, కూర్చున్నది ఎవరని అది అడగదు. ఆ ముడిని పుణెకు పంపడం వేరే పని, దాన్ని పుష్ అంటారు, దానికి మాత్రం ఎవరి తాళం వాళ్లకే, పంపేవాడి ఫోన్‌కే నంబర్ వస్తుంది, అది కొడితేనే తలుపు తీస్తుంది, ఎవరి తాళంతో తలుపు తీసిందో అక్కడ వేరే చిట్టాలో రాసి ఉంటుంది. ముడి మీద పేరు అందరికీ కనిపిస్తుంది, చిట్టా ఎవరూ అడగకపోతే ఎవరికీ కనిపించదు. మా ఆఫీసు నాందేడ్‌లో శ్రీనగర్ అనే పేటలో మందుల దుకాణం పైన, ఎనిమిది మందిమి, కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద రెండే మెషీన్లు నడుస్తాయి, ఒకటి సార్‌ది, ఆయనది ఎవరూ ముట్టరు, ఇంకోటి నాది, అందుకని కరెంట్ పోతే చాలు పిండి గిర్నీ దగ్గర డబ్బాలు పట్టుకుని నిలబడ్డట్టు అందరూ నా కుర్చీ వెనక వంతు కడతారు. నా మెషీన్ మీద నా పేరు, ఎవరు కూర్చున్నా నా పేరే. పోయిన వేసవిలోనే నేను సార్‌కు చెప్పాను, కూర్చున్న ప్రతిసారీ పేరు మార్చుకోమనండి, ఒక్క వరుస కొడితే అయిపోతుందని. "ఎవల పేరైతేంది, పని అయితుంది గద" అని మరాఠీలో అన్నాడు. అన్నది ఆయనే, కానీ రెండోసారి చెప్పనిది నేను, ఎందుకు చెప్పలేదో ఆ సంగతి ఇప్పుడు కాదు, తర్వాత.

ఇరవై ఒకటిన నేను నాందేడ్‌లోనే లేను. సగరోళి బడిలో మా అన్న కూతురు ఉంటుంది, ఆరోజు వాళ్ల గ్యాదరింగ్, అంటే బడి వార్షికోత్సవం, పిల్ల లావణీ డాన్స్ వేస్తోంది, మధ్యాహ్నమే సెలవు పెట్టి బస్సెక్కాను, సాయంత్రం ఆరింటికి నేను మొదటి వరుసలో కూర్చుని దాని నెత్తి మీది పూలు జారిపోతాయేమోనని చూస్తున్నాను. అదే సమయానికి ఆఫీసులో కరెంట్ పోయింది, సార్ మేనల్లుడు నిలేశ్ నా కుర్చీలో కూర్చున్నాడు. మా ప్రోగ్రాం చేసేది చిన్న పనే, కాలువ నీళ్లు ఎవరి పొలానికి ఏ రోజు ఏ వేళ వస్తాయో రైతు ఫోన్‌కు ముందుగా చెప్పడం, నిలేశ్ ఏదో తొందరలో తేదీలు సరిచూసే మెట్టు తీసేశాడు, అది నలభై నిమిషాలు తినేస్తుందని, తీసేసి ముడి వేసి తన ఫోన్‌కు వచ్చిన నంబర్ కొట్టి పుణెకు పంపి టీ తాగడానికి కిందికి దిగాడు. ఆ రాత్రి పన్నెండు దాటిన వంతులన్నీ మెసేజుల్లో మరుసటి రాత్రికి వెళ్లిపోయాయి. కాలువ చివరన ఉండే రెండు ఊళ్లకు వంతు ఎప్పుడూ రాత్రే, వాళ్లకే తగిలింది. శంకర్రావు అనే పెద్దాయన హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి మాట్లాడింది పుణెవాళ్లు మాకు పంపారు, మొన్న ఆఫీసులో అందరి ముందు వినిపించారు. "మెసేజుల రేపు రాత్రి అని ఉండె, నేను నిమ్మలంగ పన్న. నీళ్లు గా రాత్రే అచ్చి పోయినయ్. తెల్లారి పోయి చూస్తే కాలువల బురద ఉంది. మళ్ల వంతు ఇర్వై రోజులకంట. శనగ ఆగుతదా బాపు ఇర్వై రోజులు, నువ్వే చెప్పు." అరవలేదు, తిట్టలేదు, అడిగాడంతే. ఆ ఆగుతదా అన్నది మూడు రోజులుగా నా చెవిలోనే ఉంది. అది విన్నాక కూడా నిలేశ్ కుర్చీ నా పక్కకు లాక్కొచ్చి మరాఠీలో అక్కా అని పిలిచి మెల్లగా అన్నాడు, "తాయీ, ఎక్కువ లొల్లి చెయ్యకు, ఎట్లన్న అందుల నీ పేరే ఉంది గద. చల్తా హై." వాడికి వచ్చే నెలలో పుణెలో ఉద్యోగం, పేరు శుభ్రంగా ఉండాలి. నా పేరు మాత్రం బురదలో పడవచ్చు.

నిన్న మధ్యాహ్నం నాకు తిక్క రేగింది, ఊరికే నోటితో చెబితే సార్‌కు ఎక్కదనుకున్నాను, అందరినీ పిలిచి నా మెషీన్ ముందు నిలబెట్టి పేరు దగ్గర వెంకట్రావ్ అని కొట్టాను, ఒక ఉత్త ఫైలు మీద ముడి వేసి దాని పక్కన ‘నేను భోంచేసి నిద్రపోతున్నాను’ అని రాశాను, చూడండి సార్, ఇది మీరే రాశారు, మెషీన్ సాక్ష్యం అన్నాను. మళ్లీ పేరు మార్చి మా నాయనమ్మ నర్సవ్వ అని పెట్టాను, ఆమె పోయి తొమ్మిదేళ్లయింది, ఆమె కూడా శుభ్రంగా కోడ్ రాసేసింది. మాతో పనిచేసే రామదాస్ నవ్వాపుకోలేక నీళ్ల సీసా ఎత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, మిగతావాళ్లు కిటికీలోంచి రోడ్డు చూశారు. సార్ నవ్వలేదు. ఆయన తెలంగాణ సరిహద్దులోని దెగ్లూర్ వైపు మనిషి, ఇంట్లో తెలుగే, ఆఫీసులో మాత్రం మరాఠీ తప్ప నోట రానివ్వడు, నాతో తెలుగు మాట్లాడాడంటే నా దగ్గర ఏదో కావాలని అర్థం, ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఈ లెక్క తప్పలేదు. లోపలికి పిలిచి తలుపు వేసి తెలుగులో మొదలుపెట్టాడు. "పూనమ్ బిడ్డా, నాకు తెల్వదా ఏంది? అంత తెల్సు. కని ఇను. ఒక మనిషి తప్పు జేసిండంటే పుణెవాళ్లు మాఫ్ చేస్తరు. పద్ధతే తప్పు, అందరొక్క పేరు మీద కూసుంటరంటే రేపటికి పని గుంజుకుంటరు. ఎనిమిది ఇండ్లు. నువ్వు పెద్దదానివి, ఓర్చుకో. రెండు నెలలు వేరే పని ఇస్త, ఎన్క అందరు మర్చిపోతరు." పుణెవాళ్ల నిబంధన ఏమిటో ఆయన చెప్పలేదు, నేను చదివాను, ఇలాంటి తప్పు ఒప్పుకున్న పేరుతో ఇక ఎప్పటికీ వాళ్ల మెషీన్‌లోకి ఒక అక్షరం కూడా పంపనివ్వరు. ఆయన మరచిపోతాడు సరే, ఆ మెషీన్ మరవదు కదా.

నాయనమ్మ పేరు ఊరికే కొట్టలేదు నేను. ఆమెకు ఇరవై స్టీలు గిన్నెలుండేవి, అన్నిటి మీదా నాందేడ్‌లో నగిషీ చెక్కేవాడితో మరాఠీ అక్షరాల్లో పేరు చెక్కించుకుంది, నర్సవ్వ అని, చదవడం రాకపోయినా వేలితో తడిమి తన గిన్నె గుర్తుపట్టేది. ముద్ఖేడ్‌లో మా గల్లీలో గిన్నెలు ఇంట్లో ఉండవు, తిరుగుతాయి, ఒకరింటి కూర ఇంకొకరి గిన్నెలో మూడో ఇంటికి పోతుంది, ఖాళీగా తిప్పి పంపడం ఎవరికీ అలవాటు లేదు. ఒకసారి ఎవరో నాయనమ్మ గిన్నెలో పులిసిపోయిన పప్పు పంపితే రైల్వే క్వార్టర్స్‌లో ఒకింటి పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి, గిన్నె మీద పేరు చూసి వాళ్లు నర్సవ్వ చేసిందే అన్నారు, రెండు రోజులు ఆమె ఇచ్చిన మంచినీళ్లు కూడా ఎవరూ తాగలేదు. మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని ఆ గిన్నె చంకన పెట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడింది, నాకు ఎనిమిదేళ్లు. "గిన్నె నాదే, కాదన్ననా? పప్పు నాది గాదు. పేరు చదువుడు పక్కన పెట్టు, నీ దర్వాజ కాడికి తెచ్చి నీ చేతుల పెట్టింది ఎవలు? గా మొఖం చెప్పు." ఆ ఇంటామె ఆలోచించి చెప్పింది, తెచ్చినామె ఎవరో, అక్కడితో తేలిపోయింది. మా ఇంట్లో ఈ కథ చెప్పుకోని పండుగ లేదు. దీనికి ఇంకో సగం ఉంది, అది మాత్రం ఎవరూ చెప్పుకోరు, నేను చూశాను కాబట్టి నాకు తెలుసు. ఆ మరుసటి ఏడే అదే గిన్నెలో ఎవరో చేసిన వంకాయ కూర మా చుట్టాలింటికి పోయింది, వాళ్లు లొట్టలు వేసుకుంటూ వచ్చి నర్సవ్వ చేతిలో ఏముందో అన్నారు, నాయనమ్మ కొంగు సర్దుకుని నవ్వింది, నాది కాదని అనలేదు.

సరే, ఇక తప్పదు, కోమల్. ఇంతసేపు ఈ పేరు రాకుండా బండిని ముగట్ స్టేషన్ దాకా నడిపించాను. కోమల్‌ది మర్ఖేల్ ఊరు, మా ఆఫీసులో పనిచేస్తూ లేడీస్ హాస్టల్లో ఉండేది, మాటకు ముందు ఒకసారి గొంతు సవరించుకునే పిల్ల, పోయిన మే నెలలో కరెంట్ రోజుకు నాలుగు గంటలు పోయేది, ఆ మధ్యాహ్నాలన్నీ నా కుర్చీలో కోమల్ కూర్చునేది, నేను కిటికీ దగ్గర స్టూలు మీద విసనకర్రతో. రైతు ఫోన్ ఆగిపోయి ఉంటే మెసేజ్ ఎవరికి పోవాలి, కోమల్ అడిగింది, ఎవరికీ తట్టలేదు, పక్కచేను మనిషికి పోవాలని తనే అంది, వాళ్ల ఊళ్లో అలాగే చేస్తారట, నీళ్లొస్తే పక్కచేనువాడు గట్టు మీద నిలబడి కేకేస్తాడు. తొమ్మిది మధ్యాహ్నాల్లో ఆ పని మొత్తం ఒక్కతే రాసింది, తన ఫోన్‌కు వచ్చిన నంబర్‌తోనే పంపింది, పేరు మాత్రం నాది పడింది. ఆగస్టులో పుణె నుంచి ప్రాజక్త మేడం కాల్‌లోకి వచ్చి జాబితా చూసి, పూనమ్, ఇది చాలా గొప్ప పని, ఎంతమంది రైతుల వంతు తప్పిపోకుండా కాపాడిందో అంది, వెంకట్రావ్ సార్ లేచి చప్పట్లు కొట్టించాడు. నేనేమన్నాను, థ్యాంక్యూ మేడం అన్నాను. కోమల్ నా వెనకే ఉంది, టీ గ్లాసు చేతిలో, ఒకసారి గొంతు సవరించుకుంది, ఏదో అంటుందేమోనని నా వీపు బిగుసుకుపోయింది, ఏమీ అనలేదు. కాల్ అయ్యాక చెబుదామనుకున్నాను, కచోరీలు వచ్చాయి, రేపు చెబుదామనుకున్నాను, రేపు ఆదివారం. దసరా ముందు సార్ ఎవరి పేరు మీద ఎంత పని ఉందో మెషీన్ నుంచి తీయించాడు, కోమల్ పేరు అడుగున ఉంది, ఉండదా మరి, దాని పనంతా నా పేరు కింద పడి ఉంటే, నెమ్మది పిల్ల, మనకు సరిపోదు అన్నారు, పంపేశారు. పోయేరోజు నా చార్జర్ నాకు తెచ్చిచ్చి, పోతున్న అక్కా అంది, నేను తెర మీద ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు చూస్తూ మంచిది అన్నాను. తెర మీద ఏమీ లేదు. సార్‌కు పేర్ల సంగతి రెండోసారి ఎందుకు చెప్పలేదంటే ఇందుకే, నాకు బాగుండింది, నా పేరు కింద అంత పని కనిపిస్తే నాకు బాగుండింది, ఇది సిగ్గు విడిచి ఒప్పుకోవాలి, ఇప్పుడైనా.

ముగట్‌లో బండి ఆగిపోయింది, ఎదురు బండి రావాలట, మెంతికూరామె దిగి నీళ్లు పట్టుకొస్తోంది, పదీ పది. ఫోన్ మోగింది, సార్. ఎత్తగానే తెలుగు. "ఎక్కడున్నవ్ బిడ్డా? సంతకం ఇంక రాలేదు." ముగట్ అన్నాను, క్రాసింగ్ అన్నాను. "క్రాసింగైతేంది, ఫోన్ నీ చేతులనే ఉంది గద. గీకి పంపు." పుష్ చిట్టా తీయించండి సార్, రెండు నిమిషాల పని, ఎవరి తాళమో అందులో ఉంటుంది అన్నాను, ఇది పదోసారి అనడం. ఆయన గొంతు మార్చాడు, మెత్తగా, ఆ మెత్తదనమే నాకు మంట. "చిట్టా తీస్తే ఇర్వై ఒకటిదే తీస్తరనుకున్నవా పూనమ్? మొత్తం తీస్తరు. పోయిన ఎండకాలం నుంచి తీస్తరు. నువ్వు నెగ్గుతవనుకోకు. నీ పేరు మీద ఉన్నదాంట్ల సగం నీది గాదు, నాకు తెల్వదా? గందుకే చెప్తున్న, ముట్టకు." అని పెట్టేశాడు. అంటే తెలుసు. ఆగస్టులో చప్పట్లు కొట్టించినప్పుడు కూడా తెలుసు, కోమల్‌ను పంపినప్పుడు కూడా తెలుసు, నెమ్మది పిల్ల అన్నప్పుడు ఆ నోటికి తెలుసు, ఈ మూట ఇన్నాళ్లు దాచిపెట్టుకున్నది ఈరోజు నా మెడకు కట్టడానికే. భయపడతాననుకున్నాడు. నిజమే, భయపడ్డాను, నెత్తి మీది ఫ్యాను తిరగడం ఆగిపోయింది, బోగీలో ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది.

ఎదురు బండి దడదడమంటూ పక్కనుంచి పోయింది, కిటికీలు, కిటికీలు, కిటికీలు, అది పోయాక ఎండ ఒక్కసారిగా నా ఒళ్లో పడింది, అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంతేనా సార్ మీ దగ్గరున్నది. నిలేశ్ చేసింది నాదని ఒప్పుకోకపోతే కోమల్ చేసింది నాది కాదని బయటపడుతుంది, ఇదేనా బెదిరింపు, ఇది నేను ఇన్ని నెలలుగా మింగలేక కక్కలేక పెట్టుకున్న ముద్ద, మీరు నా వీపు మీద చరిచి కక్కిస్తానంటే వద్దంటానా. నాది కాని తప్పు నాకొద్దు, సరే, మరి నాది కాని మెప్పు ఉంచుకుని తప్పు మాత్రం ఎట్లా వద్దంటాను, ఒక చేత్తో తోసి ఇంకో చేత్తో పట్టుకుంటే ప్రాజక్త మేడం ఎందుకు, ఆ శంకర్రావు బాపు కూడా నమ్మడు. ఎనిమిది ఇళ్లు అంటాడు, రామదాస్ గుర్తొస్తాడు, నిరుడే కూతురు పుట్టింది, నిజంగానే గుర్తొస్తాడు, నేనేం రాయిని కాదు, కానీ ఎనిమిది మందిని నిలబెట్టేది నా ఒక్క అబద్ధమైతే ఆ ఇళ్లు కట్టిన మనిషి ఆయన, నేను కాదు, పేరు మార్చే ఒక్క వరుస ఆరోజే కొట్టించి ఉంటే ఎవరికీ ఏమీ కాకపోయేది. పోతే పోయింది ఉద్యోగం. ముద్ఖేడ్‌లో బతకనా నేను, నాన్న శివరాం ముప్పై ఏళ్లు రైలు పట్టాల మీద సుత్తి మోసి మమ్మల్ని పెంచాడు, నాకు చేతులు లేవా. ఇంకెవరు ఏ మూల నుంచి ఏం చెప్పినా ఇక వినేది లేదు.

బండి కదిలింది. సార్ ఉత్తరం మూసేసి కొత్త మెయిల్ తెరిచాను, ప్రాజక్త మేడంకు, సార్‌కు కూడా అదే కాపీ, చాటుగా ఏదీ వద్దు. బొటనవేలితో మరాఠీ కొట్టడం నాకు నెమ్మది, అయినా ఒక్క మాట తుడిచి మళ్లీ రాయలేదు. పదకొండుకు జరిగే కాల్‌లో పోయిన ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా మా ఆఫీసు పుష్ చిట్టా మొత్తం తెర మీద తెరిచి పెట్టమని కోరుతున్నాను. జనవరి ఇరవై ఒకటిన పంపిన మార్పు మీద రాసినవారిగా నా పేరుంది, అది నేను రాయలేదు, నేను ఆ సాయంత్రం సగరోళిలో ఉన్నాను, ఎవరి తాళంతో వచ్చిందో మీ చిట్టాలోనే చూడండి. పోయిన మే నెలలో వచ్చిన పక్కచేను మెసేజ్ పని మీద కూడా నా పేరుంది, అది కూడా నేను రాయలేదు, రాసింది కోమల్, ఆగస్టులో మీరు నన్ను మెచ్చుకున్నప్పుడు నేను ఆ మాట చెప్పకుండా దాచాను, ఆ తర్వాత తన పేరు మీద పని తక్కువుందని కోమల్‌ను తీసేశారు, అప్పుడు కూడా దాచాను. కరెంట్ పోయినప్పుడు మేమందరం ఒకే మెషీన్ మీద ఒకే పేరుతో పని చేస్తాం, ఇది మా పద్ధతి, ఇది తప్పు. ఇరవై రోజుల దాకా వంతు లేని ఆ రెండు ఊళ్లకు మధ్యలో నీళ్లు ఇప్పించే దారి ఏమైనా ఉందేమో దయచేసి ఈరోజే చూడండి, ఎవరి తప్పో తేలేదాకా శనగ ఆగదు. పూనమ్ శివరాం. మాల్టెకడి స్టేషన్ దాటుతుండగా పంపు నొక్కాను. చుయ్ మని పోయింది, ఇంత చిన్న చప్పుడా అనుకున్నాను.

కోమల్ నంబర్ నా ఫోన్లో ఇంకా ‘కోమల్ ఆఫీస్’ అనే ఉంది. నాలుగుసార్లు మోగాక ఎత్తింది, వెనక మిషన్ చప్పుడు, ఎవరో బట్టలు కుడుతున్నారు, హలో అనే ముందు ఆ గొంతు సవరింపు. కోమల్, నేను పూనమ్‌ను అన్నాను, తెలుసు అంది. చెప్పాలనుకున్నదంతా వరుసగా చెప్పేశాను, తప్పు సంగతి, ఉత్తరం సంగతి, మే సంగతి, ఆగస్టు సంగతి, ఇప్పుడు పంపిన మెయిల్ సంగతి. చెప్పడం అయ్యేసరికి మిషన్ ఆగింది, అంటే కుడుతున్నది తనే.

"నాకు ఎరికె అక్కా, నువ్వు తెల్సే ఊకున్నవని. ఆగస్టుల నీ ఈపు చూసి అప్పుడే ఎరికైంది. గిప్పుడు నీ మీదికి అచ్చిందని చెప్తున్నవ్. రాకుంటె చెప్పకపోదువు."

మెత్తగా ఏదైనా అనవచ్చు, రోజూ అనుకునేదాన్ని అని, నిద్రపట్టలేదని, అవేమీ పూర్తి నిజాలు కావు, కొన్ని రోజులు హాయిగానే నిద్రపోయాను. "అవు కోమల్. రాకుంటె చెప్పకపోదును. నా మీదికి అచ్చినందుకే యాదికొచ్చినవ్. తిట్టాలంటే ఎన్క తీరిగ్గ తిట్టు, వింట. పదకొండుకు కాల్ ఉంది, లింక్ పంపుత. నేను చెప్తె మేడం ఒకసారి వింటది, నువ్వే అచ్చి నీది నువ్వు అడిగితె కాదనడానికి ఎవలకు చాత కాదు. పంపింది నీ ఫోన్ నంబర్‌తోనే, అక్కడ ఉంది."

వంతెన కింద నీళ్లు తళతళలాడుతూ పోయాయి, బండి చప్పుడు బోలుగా మారి మళ్లీ మామూలైంది. "జాకెట్టుకు చేతులు కుట్టేది ఉంది, అర్ధగంటల అయితది" అంది కోమల్, ఆగి, "లింక్ పంపు." క్షమించానని అనలేదు, అక్కా అని కూడా అనలేదు ఈసారి. పంపాను.

నాందేడ్ ప్లాట్‌ఫారం మీద దిగేసరికి పదీ నలభై, జనం తోసుకుంటున్నారు, మెంతికూరామె మూట నెత్తికెత్తమంటే ఎత్తాను, అప్పుడు ఫోన్ మోగింది, సార్. ఎత్తి చెవి దగ్గర పెట్టుకునే లోపే అరుపు, ఈసారి తెలుగూ మరాఠీ కలిసి, ఏం రాసినవ్, ఎవలను అడిగి రాసినవ్, పాగల్ జాలీస్ కాయ్, పిచ్చి పట్టిందా అని. నేను జనంలోంచి పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాను. సార్, మీరు పంపిన ఉత్తరం మీద సంతకం చెయ్యను అన్నాను, ఇరవై ఒకటిది నాది కాదు.

"మరేది నీది?" అని అరిచాడు. "గది నీది గాదు, గిది నీది గాదు, ఆరేండ్ల సంది నా దగ్గర జీతం తిన్నవ్, మరి నీదేంది, చెప్పు!"

"గిప్పుడు పంపిన మెయిల్ నాది సార్" అన్నాను. "రాసింది నేనే, పంపింది నేనే."